రాబందు లేని లోటు

ఈ భూమిపై ఒంటరిగా బ్రతికే ప్రాణి లేదు. గడ్డిపరక మొదలు ఏనుగు వరకు ప్రతి జీవీ మరొక జీవిని ఆధారం చేసుకొనే మనుగడ సాగిస్తున్నది. కంది మొక్కనో వేరుశెనగ మొక్కనో పెరికి చూస్తే దాని వేళ్ళపై చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఆ బుడిపెలలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కాపురముంటాయి. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి అందిస్తాయి. మొక్క తాను ఎండలో తయారు చేసుకున్న చక్కెరలో కొంత వాటికి పెడుతుంది. ఇద్దరికీ లాభమే. అందుకే కంది వేసిన చేనులో మరుసటి పైరు బాగా పండుతుందని మన రైతులు తరతరాలుగా ఎరుగుదురు.

మర్రిపండు, మేడిపండు కథ ఇంకా ఆశ్చర్యకరమైనది. ఆ చెట్ల పూలు బయటకు కనిపించవు, కాయ లోపలనే దాగి ఉంటాయి. ఆవగింజ కంటె పెద్దది కాని ఒక కందిరీగ జాతి పురుగు కాయ కొననున్న సన్నని రంధ్రం గుండా లోపలికి దూరి, ఒక కాయలోని పుప్పొడిని మరొక కాయకు చేరవేస్తుంది. ఆ పురుగు పిల్లలు పెరిగేది ఆ కాయలోనే. పురుగు లేనిదే చెట్టుకు విత్తనం లేదు, చెట్టు లేనిదే పురుగుకు సంతానం లేదు.

అన్ని సంబంధాలూ ఇంత సమానంగా ఉండవు. గేదె మేస్తూ నడిచేటప్పుడు గడ్డిలో నుండి లేచే మిడతలను తెల్లకొంగ ఏరుకొని తింటుంది. కొంగకు కడుపు నిండుతుంది; గేదెకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. కోకిల తన గుడ్డును కాకి గూటిలో పెట్టి వెళ్ళిపోతుంది. కాకి ఆ పరాయి పిల్లను సాకుతుంది, తన పిల్లల నోటి కూడు దానికి పెడుతుంది. ఇక్కడ ఒకరికి లాభం, మరొకరికి నష్టం. పులి జింకను చంపుతుంది. జింకకు అది మరణమే అయినా, జింకల మంద మితిమీరి పెరిగి అడవిని మేసివేయకుండా అదే కాపాడుతుంది.

ఇచ్చిపుచ్చుకోవడం, ఒకరు పొందడం, ఒకరు పోగొట్టుకోవడం అన్నవి మన కంటికి సులభంగా కనిపించే సంబంధాలు. ఇవి కాక, ఉన్నంత కాలం ఎవరూ గుర్తించని సంబంధాలు కొన్ని ఉన్నాయి. అవి తెగిపోయిన తరువాతనే వాటి విలువ తెలుస్తుంది. మన దేశంలో రాబందుకూ మనిషికీ మధ్య ఉండిన సంబంధం అటువంటిది. అది తెగి ముప్పై ఏళ్ళు కావస్తున్నది. దాని మూల్యాన్ని మనం ప్రాణాలతో చెల్లించామని పరిశోధకులు ఇప్పుడు లెక్కగట్టి చెబుతున్నారు. ఆ కథను ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసి ఉంది.

సృష్టిని చూసే చూపు

దివ్యఖుర్‌ఆన్‌లో అనేక సూరాలకు ప్రాణుల పేర్లే ఉన్నాయి. ఆవు, పశువులు, తేనెటీగ, చీమ, సాలెపురుగు, ఏనుగు పేర్లు మన ఇళ్ళలో పిల్లలు కూడా చెప్పగలరు. ఆదం (అలైహిస్సలాం) కుమారుల వృత్తాంతంలో, సోదరుణ్ణి చంపి శవాన్ని ఏమి చేయాలో తెలియక నిలబడినవానికి దారి చూపినది ఒక కాకి. అది నేలను త్రవ్వి చూపింది. మృతదేహం పట్ల మనిషి నిర్వర్తించవలసిన మొదటి బాధ్యతను అతడు ఒక పక్షి నుండి నేర్చుకున్నాడు. ఇది మనం తరచుగా చదివి దాటిపోయే విషయమే కాని, ఆగి ఆలోచించదగినది.

జంతువుల పరస్పర సంబంధాలను గురించి ముస్లిం పండితులు తొలినాళ్ళలోనే ఆలోచించారు. తొమ్మిదవ శతాబ్దంలో బస్రా నగరవాసి అల్ జాహిజ్ జంతువులపై కితాబుల్ హయవాన్ అనే పెద్ద గ్రంథాన్ని అనేక సంపుటాలుగా రచించాడు. ఒక ప్రాణి మరొకదానిని తిని బ్రతకడాన్ని, తిన్నది మరల ఇంకొకదానికి ఆహారం కావడాన్ని ఆయన అందులో వివరించాడు. ఏ ప్రాణినీ నిరర్థకమని తోసివేయక, దాని పనిని పరిశీలించి చూడడం ఆయన పద్ధతి.

ఆ పద్ధతిలో రాబందును చూద్దాం. మనకు ఆ పక్షిపై ప్రేమ లేదు. బట్టతల, వంకర ముక్కు, కుళ్ళిన మాంసంపై వాలే అలవాటు కారణంగా మన భాషలో దాని పేరే ఒక తిట్టుగా మారింది. ఇతరుల కష్టాన్ని దోచుకునేవాణ్ణి రాబందు అంటాం. నిజానికి రాబందు ఎవరినీ దోచుకోలేదు. మనం వదిలివేసినదానిని మాత్రమే అది తీసుకున్నది. చచ్చిన పశువు మాంసం మనకు హరామ్. మనకు నిషిద్ధమైన ఆ ముర్దారే రాబందుకు ఆహారంగా నియమితమైంది. ఈ రెండు నియమాలూ ఒకదానికొకటి ఎంత చక్కగా పొసగుతాయో గమనించాలి.

ఊరి వెలుపల జరిగిన పని

2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులు, గేదెలు కలిపి 30 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో ఎన్నో వృద్ధాప్యంతోనో రోగంతోనో చనిపోతాయి. పూర్వం అటువంటి కళేబరాన్ని ఊరి వెలుపల ఒక నిర్ణీత స్థలంలో పడవేసేవారు. చర్మం తీసేవారు చర్మం తీసుకొనేవారు. ఆపై రాబందులు దిగేవి. వాటి పని ముగిసిన తరువాత శుభ్రంగా మిగిలిన ఎముకలను ఏరుకొనేవారు వచ్చి తీసుకుపోయేవారు. అవి ఎరువుల తయారీకి పోయేవి. ఈ ఏర్పాటుకు ఏ పంచాయతీ పైసా ఖర్చు పెట్టలేదు, ఏ ప్రభుత్వమూ పథకం వేయలేదు.

రాబందులు పశువును వాసనతో కనిపెట్టవు, చూపుతోనే కనిపెడతాయి. ఒక్కొక్క పక్షీ ఆకాశంలో చాలా ఎత్తున గుండ్రంగా తిరుగుతూ, నేలతోపాటు పొరుగు రాబందులను, కాకులను, గద్దలను కూడా గమనిస్తూ ఉంటుంది. ఒకటి క్రిందికి దిగితే దూరాన ఉన్నది చూసి బయలుదేరుతుంది, దానిని చూసి మరొకటి. ఈ విధంగా కబురు పంపినవారు లేకుండానే కొద్ది సేపట్లో పదుల సంఖ్యలో రాబందులు చేరుకుంటాయి. పెద్ద గుంపు దిగితే ఒక ఆవు కళేబరం గంటలోపే ఎముకల గూడుగా మారిపోయేది.

విందులోనూ పని విభజన ఉన్నది. పొడవైన, ఈకలు లేని మెడ గల రాబందులు కళేబరం లోపలికి తల దూర్చి మెత్తని భాగాలను తింటాయి. మెడపై ఈకలు లేకపోవడం వలన రక్తమాంసాలు అంటుకొని నిలిచిపోవు. బలమైన ముక్కు గల ఎర్రతల రాబందు గట్టి చర్మాన్ని, కండరాలను చీల్చగలదు. చిన్నదైన తెల్ల రాబందు అంచులలో తిరుగుతూ మిగిలిన తునకలను ఏరుకుంటుంది. హిమాలయాలలోనైతే గడ్డం గల రాబందు ఎముకలను పైకి తీసుకుపోయి బండలపై జారవిడిచి, పగిలిన ముక్కలను మ్రింగుతుంది. ఒకదాని పని ముగిసిన చోట మరొకదాని పని మొదలవుతుంది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది రాబందు కడుపు. అందులోని ఆమ్లం అత్యంత తీవ్రమైనది. మరో జంతువును చంపగల సూక్ష్మక్రిములతో నిండిన మాంసాన్ని కూడా అది హాయిగా జీర్ణం చేసుకుంటుంది. మన రైతులు దొమ్మరోగం అని పిలిచే ఆంథ్రాక్స్ వంటి వ్యాధితో చచ్చిన పశువు ఊరి చివర రోజుల తరబడి కుళ్ళితే ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. రాబందులు ఆ ప్రమాదాన్ని గంటల్లో ముగించేవి.

అంతుచిక్కని మరణాలు

1980లలో మన దేశంలో రాబందులు ఎంత విరివిగా ఉండేవంటే, తెల్లవీపు రాబందు ప్రపంచంలోని పెద్ద వేటపక్షులన్నింటిలో బహుశా అత్యధిక సంఖ్యలో ఉన్నదని పక్షి శాస్త్రజ్ఞులు భావించారు. నగరాల్లో చెట్లపై గుంపులుగా కూర్చునేవి. విమానాలకు తగులుతున్నాయని విమానాశ్రయాల అధికారులు విసుక్కునేవారు. కోట్ల సంఖ్యలో ఉన్న పక్షిని ఎవరు లెక్కపెడతారు?

లెక్కపెట్టినవారు ఒకరు ఉన్నారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద కేవలాదేవ్ జాతీయోద్యానంలో డాక్టర్ విభు ప్రకాశ్ 1980లలో వేటపక్షుల గూళ్ళను అధ్యయనం చేశారు. అప్పుడు ఆయనకు అక్కడ వందలాది రాబందు జతలు కనిపించాయి. పదేళ్ళ తరువాత మరల చూస్తే సగానికి సగం తగ్గిపోయాయి. చెట్ల కొమ్మలపై రాబందులు మెడలు వ్రేలాడవేసి నీరసంగా కూర్చొని ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్కటే నేల రాలాయి. ఆ శతాబ్దం ముగిసేసరికి ఆ ఉద్యానంలో వాటి గూళ్ళు దాదాపుగా లేకుండా పోయాయి.

అది ఒక్కచోటి విషయం కాదని తరువాత తేలింది. 1992 నుండి 2007 వరకు జరిగిన గణనలలో తెల్లవీపు రాబందులు దేశంలో వెయ్యికి ఒకటి మాత్రమే మిగిలినట్లు కనుగొన్నారు. పొడవుముక్కు, సన్నముక్కు రాబందులు నూటికి 97 వంతున తగ్గిపోయాయి. ఇంత పెద్ద పక్షి ఇంత త్వరగా కనుమరుగైన ఉదంతాలు లోకంలో అరుదు.

కారణమేమిటి? మొదట ఏదో అంటువ్యాధి అనుకున్నారు. పురుగుమందులను అనుమానించారు. చచ్చిన పక్షులను కోసి చూస్తే చాలావాటిలో గుండె, కాలేయం, మూత్రపిండాల చుట్టూ సున్నం పూసినట్లు తెల్లని పొర కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు పనిచేయక, బయటకు పోవలసినది ఒంట్లోనే పేరుకుపోయింది. కాని మూత్రపిండాలు ఎందుకు చెడిపోయాయి? వైరస్ దొరకలేదు, విషలోహాలు దొరకలేదు.

జవాబు పాకిస్తాన్‌లోని పంజాబులో దొరికింది. అమెరికా పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు ఒక సులభమైన ప్రశ్న వేసుకున్నారు. రాబందులు తినేది పశువులను, మరి ఆ పశువులకు మనం పెడుతున్నది ఏమిటి? పశువుల మందులను ఒక్కొక్కటిగా పరిశీలించగా ఒక పేరు ముందుకు వచ్చింది. అది డైక్లోఫెనాక్. మూత్రపిండాలు చెడి మరణించిన 25 రాబందులను పరీక్షిస్తే 25 పక్షులలోనూ ఆ మందు ఉన్నది. ఇతర కారణాలతో మరణించిన 13 పక్షులను పరీక్షిస్తే ఒక్కదానిలోనూ లేదు. ఆ మందు ఇచ్చిన పశువుల మాంసాన్ని రాబందులకు పెట్టి చూస్తే అదే తెల్లని పొరతో అవి మరణించాయి. 2004లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో వెలువడ్డాయి.

ఒకరికి మందు, మరొకరికి విషం

డైక్లోఫెనాక్ మనకు కొత్త మందు కాదు. కీళ్ళ నొప్పికి, పంటి నొప్పికి వైద్యులు వ్రాసే మందే. మనుషులు దశాబ్దాలుగా వాడుతున్నారు. 1990ల మొదట్లో మన దేశంలో దాని ధర బాగా పడిపోయింది. ఆ దశకం మధ్య నుండి పశువులకూ వాడకం పెరిగింది. కుంటుతున్న ఎద్దుకు, పొదుగువాపు వచ్చిన గేదెకు, జ్వరపడిన మేకకు ఒక సూది వేస్తే పశువు కొంత కోలుకొనేది. రైతుకు అది మేలే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు.

అయితే మందు వేసిన పశువులన్నీ బ్రతకవు. సూది వేసిన కొద్ది రోజుల్లోనే చనిపోయిన పశువు ఒంట్లో ఆ మందు ఇంకా మిగిలి ఉంటుంది. పశువు శరీరం తట్టుకున్న ఆ మందును రాబందు మూత్రపిండాలు తట్టుకోలేవు. అతి స్వల్ప మోతాదు కూడా వాటిని రెండు మూడు రోజుల్లో చంపివేస్తుంది.

ఇక్కడ మరొక విషయాన్ని గమనించాలి. మందు ఉన్న కళేబరాలు నూటికి ఒకటి కంటె తక్కువైనా ఈ వినాశనానికి చాలునని శాస్త్రజ్ఞులు లెక్కవేశారు. అదెలా? రాబందులు కలిసి తింటాయి. ఒక్క కళేబరంపై పదుల పక్షులు దిగుతాయి. కాబట్టి ఒక్క విషపు విందు ఒకేసారి ఒక గుంపును తుడిచిపెట్టగలదు. పైగా ఆ జాతి రాబందు ఏడాదికి ఒక్క గుడ్డు మాత్రమే పెడుతుంది. ఆ పిల్ల ఎదిగి తాను గూడు కట్టడానికి దాదాపు ఐదేళ్ళు పడుతుంది. పోయినవారి స్థానాన్ని నింపడానికి వాటి వద్ద వ్యవధి లేదు. ఏ ఐకమత్యం వలన అవి ఊరిని గంటలో శుభ్రం చేయగలిగేవో ఆ ఐకమత్యమే వాటి పాలిట మృత్యువైంది.

ఖాళీ అయిన స్థానంలోకి ఎవరు వచ్చారు?

రాబందులు పోయినంత మాత్రాన పశువులు చనిపోవడం ఆగలేదు. ఊరి వెలుపలి కళేబరాలు అక్కడే కుళ్ళసాగాయి. ఆ ఆహారం కోసం ఊరకుక్కలు చేరాయి, ఎలుకలు చేరాయి. కుక్క రాబందు చేసే పనిని పూర్తిగా చేయలేదు. అది కొంత తిని కొంత వదిలివేస్తుంది, దాని కడుపు అన్ని క్రిములనూ చంపదు. రాబందు కడుపులో ముగిసిపోయే రోగం కుక్క కడుపులో ముగియదు. పైగా రాబందు మనిషిని కరవదు.

2008లో వెలువడిన ఒక అధ్యయనం, రాబందులు తగ్గిన కాలంలో దేశంలో కుక్కల సంఖ్య కనీసం 55 లక్షలు అదనంగా పెరిగిందని, 1992 నుండి 2006 వరకు దాని వలన 47 వేలకు పైగా అదనపు రేబిస్ మరణాలు సంభవించి ఉండవచ్చునని అంచనా వేసింది. ప్రపంచంలో రేబిస్‌తో మరణించేవారిలో మూడవ వంతుకు పైగా మన దేశంవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో పిల్లలు ఎక్కువ. వీధిలో ఆడుకొంటూ కరిపించుకొని, ఇంట్లో తిడతారని చెప్పక దాచిన పిల్లలు.

ఆర్థిక శాస్త్రజ్ఞులు ఐయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో ప్రచురించిన పరిశోధన ఇంకా విస్తృతమైనది. వారు దేశంలోని జిల్లాలను రెండు విధాలుగా విడదీశారు. సహజంగా రాబందులు ఎక్కువగా ఉండదగినవి ఒక వైపు, వాటికి అనుకూలం కానివి మరొక వైపు. డైక్లోఫెనాక్ పశువులకు వాడకంలోకి రాక పూర్వం ఈ రెండు రకాల జిల్లాల మరణాల రేటు ఒకే తీరున నడిచింది. తరువాత రాబందులను కోల్పోయిన జిల్లాలలో అన్ని కారణాల మరణాలు కలిపి నూటికి 4 వంతుల కంటె ఎక్కువ పెరిగాయి. ఆ జిల్లాలలో రేబిస్ టీకాల అమ్మకాలు పెరిగాయి, నీటిలో మురుగు క్రిములు పెరిగాయి. 2000 నుండి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించారని వారు తేల్చారు.

ఐదు లక్షల మంది! ఒక పక్షి మన కోసం ఏమి చేస్తున్నదో మనకు తెలియనందుకు చెల్లించిన మూల్యమిది. ఆ మరణాల ధ్రువపత్రాలలో ఎక్కడా రాబందు పేరు ఉండదు. జ్వరమనో, విరేచనాలనో, కుక్కకాటు అనో ఉంటుంది. ఒక ప్రాణికీ మరొక ప్రాణికీ మధ్య తెగిన దారం మూడవ ప్రాణి మెడకు ఎట్లా చుట్టుకున్నదో ఈ లెక్కలు చూపుతున్నాయి.

ఈ లోటు ఒక సమాజపు మతాచారాన్ని కూడా తాకింది. పార్సీ సోదరులు తమ మృతులను నేలలో పూడ్చరు, నిప్పుకు అప్పగించరు. దఖ్మా అనే ఎత్తైన కట్టడంపై ఉంచి రాబందులకు వదిలివేయడం వారి సంప్రదాయం. ముంబయి మలబార్ హిల్‌లోని వారి దఖ్మాల వద్దకు రాబందులు రావడం మానివేసిన తరువాత, సూర్యకిరణాలను కేంద్రీకరించే పరికరాలను అమర్చుకోవలసి వచ్చింది. ఆ సమాజంలో ఎన్నో కుటుంబాలు తమ పెద్దల అంత్యక్రియలు ఏ పద్ధతిలో జరపాలన్న మనోవేదనకు గురయ్యాయి. పశువుకు వేసిన ఒక సూది పరుల అంత్యక్రియల వరకు ప్రయాణించింది.

మార్చుకోదగిన తప్పు

ఈ కథలో ఆశ కూడా ఉంది. డైక్లోఫెనాక్ స్థానంలో వాడదగిన మందు కోసం శాస్త్రజ్ఞులు వెదికారు. మెలాక్సికమ్ అనే నొప్పి నివారిణి రాబందులకు హాని చేయదని 2006లో నిరూపితమైంది. పశువులకు అది చక్కగా పనిచేస్తుంది. టోల్ఫెనామిక్ ఆమ్లం కూడా సురక్షితమేనని ఆపై తేలింది. 2006లోనే భారత్, పాకిస్తాన్, నేపాల్ దేశాలు పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించాయి. బంగ్లాదేశ్ 2010లో అదే దారి పట్టింది.

అయినా చాటుమాటు వాడకం ఆగలేదు. మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలు పశువులకు చేరాయి. అందువలన 2015లో మన ప్రభుత్వం మనుషులకు వాడే డైక్లోఫెనాక్ సూదిమందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలలో మాత్రమే అమ్మాలని నియమం పెట్టింది. ఇదే జాతికి చెందిన మరికొన్ని మందులు కూడా రాబందులకు ప్రమాదకరమని తేలింది. వాటిలో ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి పోగానే డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. పేరు మారినా విషం మారలేదు. దానిని, కీటోప్రొఫెన్‌ను 2023లో పశువైద్యం నుండి తొలగించారు.

పక్షులను బ్రతికించుకొనే పనీ సాగుతున్నది. హర్యానాలోని పింజోర్ వద్ద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, రాష్ట్ర అటవీశాఖ కలిసి రాబందుల సంరక్షణ కేంద్రాన్ని నెలకొల్పాయి. పశ్చిమ బెంగాల్, అస్సాం రాష్ట్రాలలోనూ అటువంటి కేంద్రాలు వెలిశాయి. అక్కడ పెంచిన పక్షులను క్రమంగా అడవులకు వదులుతున్నారు. నేపాల్‌లోని పిఠౌలీ గ్రామస్థులు ముసలి ఆవులను చివరివరకు పోషించి, అవి సహజంగా మరణించిన తరువాత రాబందులకు ఆహారంగా ఉంచుతున్నారు. ఆ పశువులకు హానికరమైన మందు ఇవ్వలేదన్నది వారికి ఖాయంగా తెలుసు.

మన తెలుగు నేలపైనా ఒక మిణుకు వెలుగున్నది. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అటవీ ప్రాంతంలోని పాలరాపు గుట్ట కొండచరియలపై 2013లో పొడవుముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. తెలంగాణలో ఇక లేవనుకుంటున్న పక్షులవి. అటవీశాఖ వాటికి కాపలా ఏర్పాటు చేసింది. హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ రాబందుల పెంపకం చేపట్టారు. అయితే ఆకాశంలో ఎగిరే రాబందుకు జిల్లా సరిహద్దులు లేవు. అది ఒక్కరోజులో ఎంతో దూరం పోయి మేయగలదు. గుట్టపై గూడును కాపాడితే చాలదు, దాని చుట్టూ వంద కిలోమీటర్ల మేర ఉన్న ప్రతి పశువుల కొట్టమూ దానికి సురక్షితంగా ఉండాలి.

మన ఇళ్ళ నుండి మొదలు

ఇంత పెద్ద విషయంలో ఒక సామాన్య కుటుంబం చేయగలిగినదేమిటని అనిపించవచ్చు. చేయదగినవి ఉన్నాయి.

మన పాఠకులలో మేకలు, గొర్రెలు, గేదెలు పెంచేవారు ఎందరో ఉన్నారు. పశువుకు నొప్పి, జ్వరం వచ్చినప్పుడు మందుల దుకాణంలో చేతికందిన సూది తెచ్చి వేయవద్దు. పశువైద్యుణ్ణి సంప్రదించి, మెలాక్సికమ్ వంటి సురక్షితమైన మందును అడగాలి. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్‌ను పశువుకు వాడడం చట్టవిరుద్ధమని తోటి రైతులకు చెప్పాలి. పశువు చనిపోతే కళేబరాన్ని చెరువులోనో వాగులోనో పడవేయక లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. దొమ్మరోగం అనుమానం ఉన్నప్పుడు కళేబరాన్ని కోయకూడదు, చర్మం తీయకూడదు. ముందుగా పశువైద్యునికి తెలపాలి.

బక్రీద్ దినాలలో మన బాధ్యత మరింత పెరుగుతుంది. ఖుర్బానీ ఆరాధన. ఆ ఆరాధన వలన పొరుగువారికి దుర్వాసన, రోగం కలగడం ఆ ఆరాధనకు తగదు. పరిశుభ్రతను విశ్వాసంలో భాగంగా నేర్చుకున్నవాళ్ళం మనం. ప్రేగులు, రక్తం, వ్యర్థాలు వీధి మూలన వదిలితే వాటిని తినడానికి వచ్చేది రాబందు కాదు, కుక్కల గుంపు. ఆ గుంపు పండుగ తరువాత వెళ్ళిపోదు, అదే వీధిలో స్థిరపడుతుంది. వ్యర్థాలను సంచులలో కట్టి మునిసిపాలిటీ బండికి అప్పగించడమో, గొయ్యి తీసి పూడ్చడమో ప్రతి ఇంటివారూ ముందే ఏర్పాటు చేసుకోవాలి. మస్జిదు కమిటీలు వీధికొక మనిషిని ఇందుకు నియమిస్తే పని సులభమవుతుంది. కోళ్ళ దుకాణాలు, మాంసం దుకాణాలు నడిపే మన సోదరులు ఏడాది పొడవునా పాటించవలసిన నియమమిది.

పిల్లలకు ఒక మాట తప్పక నేర్పాలి. కుక్క కరిచినా, గీరినా దాచకుండా వెంటనే ఇంట్లో చెప్పాలి. చెప్పిన పిల్లవాణ్ణి కోపగించుకోకూడదు. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళి టీకాలు వేయించాలి. పసుపు, కారం పూయడం, మంత్రం వేయించడం ప్రాణానికే ముప్పు. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. కనిపించక ముందు టీకా వేయిస్తే దాదాపు అందరూ బ్రతుకుతారు.

ఈ విషయం చదివి కుక్కలపై ద్వేషం పెంచుకోవడం కూడా సరి కాదు. మనం పారవేసిన ఆహారాన్ని అది తిన్నది, అంతే. దప్పికతో నాలుక వ్రేలాడవేసిన కుక్కకు బావిలో దిగి నీరు తెచ్చి త్రాపినవాని పాపాలను అల్లాహ్ క్షమించిన సంగతిని ప్రవక్త (స) మనకు తెలిపారు. కుక్కను కొట్టి చంపడం వలన రేబిస్ తగ్గదు. టీకాలు వేయించడం, సంతానం పెరగకుండా శస్త్రచికిత్స చేయించడం, వీధిలో వ్యర్థాలు లేకుండా చూడడం వలన తగ్గుతుంది.

మనిషి భూమిపై ఖలీఫా అని మనం విశ్వసిస్తాం. ఖలీఫా అంటే యజమాని కాదు. అప్పగించినదానిని చూసుకొని, తిరిగి లెక్క అప్పజెప్పవలసినవాడు. ఆ లెక్కలో అందమైన నెమలి, తియ్యని తేనె ఇచ్చే ఈగ మాత్రమే ఉండవు. మనం అసహ్యించుకొన్న బట్టతల పక్షి కూడా ఉంటుంది. బెజ్జూరు కొండచరియపై ఈ ఏడాది ఒక్క గుడ్డు పొదిగి పిల్ల బయటకు వస్తే, ఆ పిల్ల గూడు దాటి తన మొదటి ఆహారం వెదుక్కుంటూ ఏ ఊరి వెలుపలనో దిగుతుంది. అక్కడ దానికి దొరికే పశువుకు చివరిగా ఏ మందు వేశారన్నదానిపైనే అది బ్రతకడం ఆధారపడి ఉన్నది. ఆ నిర్ణయం తీసుకొనేది ఆ పశువు యజమాని. అది మనలో ఎవరి పశువైనా కావచ్చు.